ఉద్యోగం లేనివాళ్లు నవ్వకూడదా?

పగలంతా ప్రిపరేషన్‌. రాత్రి ఓ పాత కార్టూన్‌. 'టైం వేస్ట్‌ చేస్తున్నానేమో' అని లోపల గిల్టీగా ఉందా? అయితే ఇది మీకోసమే.

నాన్న రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్‌ చేసేవారు. "ఏమన్నా తెలిసిందా నాన్నా?" అని ఒకటే ప్రశ్న. "ఇంకా లేదు నాన్నా" అని ఒకటే జవాబు. అది 2019 వేసవి. బీటెక్‌ అయిపోయింది, క్యాంపస్‌లో ఏదీ రాలేదు. అమీర్‌పేటలో ముగ్గురం సర్దుకున్న హాస్టల్‌ గది. పగలు కోచింగ్, సాయంత్రం జావా ప్రోగ్రాములు, రాత్రి జాబ్‌ పోర్టళ్లు.

ఓ రోజు ఆ ఫోన్‌ వచ్చేసరికి నేను మొబైల్‌లో టామ్‌ అండ్‌ జెర్రీ చూస్తూ పగలబడి నవ్వుతున్నా. స్క్రీన్‌ మీద 'నాన్న' అని కనపడగానే దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టయింది. వీడియో ఆపేసి, గొంతు సవరించుకుని, నీరసంగా 'హలో' అన్నా. ఆ నీరసం నటన. ఉద్యోగం వచ్చేదాకా నవ్వకూడదని నాకెవరూ చెప్పలేదు. నేనే అనుకున్నా.

మీలో చాలామంది ఇప్పుడు అలాంటి గదిలోనే ఉండి ఉంటారు.

వాళ్లకీ ఉద్యోగం పోయింది

ఆ గిల్ట్‌లోనే ఓ రాత్రి ఈ పిల్లినీ ఎలుకనీ గీసిందెవరా అని వెతికా. విలియం హన్నా, జోసెఫ్‌ బార్బెరా. అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యం నాటి కుర్రాళ్లు. హన్నా కాలేజీ మధ్యలో మానేసి, దొరికిన పనల్లా చేసి, చివరికి ఓ కార్టూన్‌ స్టూడియోలో రంగులు వేసే విభాగానికి చేరారు. బార్బెరా న్యూయార్క్‌లో బ్యాంకు గుమాస్తాగా పనిచేస్తూ పత్రికలకు కార్టూన్లు పంపేవారు. ఇద్దరూ 1937లో ఎంజీఎం స్టూడియోలో కలిశారు.

1940లో వచ్చిన తొలి సినిమాలో పిల్లి పేరు టామ్‌ కాదు, జాస్పర్‌. ఆ సినిమా ఆస్కార్‌ నామినేషన్‌ దాకా వెళ్లింది. తర్వాత స్టూడియోలోనే పేర్ల పోటీ పెట్టారు. 'టామ్, జెర్రీ' అని సూచించిన యానిమేటర్‌కు 50 డాలర్ల బహుమతి దక్కింది. ఆ సిరీస్‌కి మొత్తం ఏడు ఆస్కార్లు వచ్చాయి.

అంత పేరొచ్చాక కూడా 1957లో ఎంజీఎం కార్టూన్‌ విభాగాన్ని మూసేసింది. పాత కార్టూన్లను మళ్లీ విడుదల చేసినా కొత్తవాటికి వచ్చినంత డబ్బు దాదాపుగా వస్తోందని లెక్క తేలింది. అంటే వాళ్లు తీసిన సినిమాలే వాళ్ల ఉద్యోగాలకు ఎసరు పెట్టాయన్నమాట! అప్పటికి ఇద్దరికీ నలభై ఆరేళ్ల వయసు.

తక్కువ బొమ్మలతో ఎక్కువ కథ

ఇక్కడి నుంచి కథ మన ఇంజినీరింగ్‌ వాళ్లకు నచ్చుతుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఏడు నిమిషాలకు 10,080. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకున్నా, ఐదు వేలకు పైగా బొమ్మలు చేత్తో గీయాలి. సొంత కంపెనీ పెట్టి టీవీకి తీయబోతే అంత డబ్బు లేదు, అంత సమయమూ లేదు. అందుకే కదలాల్సిన భాగాన్నే కొత్తగా గీయడం మీద ఆధారపడ్డారు. మాట్లాడేటప్పుడు నోరు మారుతుంది, ఒళ్లు పాత బొమ్మే. పరుగెత్తుతుంటే వెనక అదే చెట్టు, అదే ఇల్లు మళ్లీ మళ్లీ వస్తాయి. 1958లో వచ్చిన యోగి బేర్‌ ఎలుగుబంటికి మెడలో కాలర్, టై ఎందుకుంటాయో తెలుసా? తలను మాత్రమే కదిలిస్తే ఆ అతుకు కనపడకుండా!

మీ ఫోన్లో వీడియో కంప్రెషన్‌ మూలసూత్రమూ ఇలాంటిదే. ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచదు. ముందు ఫ్రేముకీ దీనికీ మారిందేమిటో దాస్తుంది. నాలుగేళ్ల బీటెక్‌లో బట్టీ పట్టిన పాఠం నాకు ఆ ఎలుగుబంటి టై దగ్గర అర్థమైంది.

ఆ కంపెనీ నుంచే 1960లో ఫ్లింట్‌స్టోన్స్, 1969లో స్కూబీ డూ వచ్చాయి. మన చిన్నప్పుడు స్కూలు నుంచి వచ్చి, బ్యాగు విసిరేసి, కరెంటు పోకుండా ఉంటే చాలని దణ్నం పెట్టుకుని చూసినవి ఇవే కదా.

హాబీ అడిగితే...

అప్పట్లో ఓ ఇంటర్వ్యూలో హాబీ ఏంటన్నారు. అందరిలాగే 'రీడింగ్‌ బుక్స్‌' అన్నా. "చివరగా ఏం చదివారు?" అన్నారు. నోరు పెగల్లేదు. ఇంకో చోట అదే ప్రశ్న వస్తే తెగించి 'పాత కార్టూన్లు' అన్నా. ఎదుటాయన నవ్వి "ఎందుకు?" అన్నారు. టై సంగతి, కంప్రెషన్‌ సంగతి చెప్పా. పది నిమిషాలు మాట్లాడుకున్నాం. ఆ ఉద్యోగం రాలేదు లెండి. కోడింగ్‌ రౌండ్‌లో పోయింది. కానీ ఇంటర్వ్యూ గదిలో వణక్కుండా కూర్చోవడం నాకు అదే మొదటిసారి. రెండు నెలల తర్వాత వేరే చోట వచ్చింది, కోడింగ్‌ నేర్చుకున్నాకే. కార్టూన్లు ఉద్యోగం ఇప్పించవు. ఉద్యోగం వెతికే మనిషిని మాత్రం కాస్త మనిషిగా ఉంచుతాయి.

అలాగని పాతదల్లా బంగారమనీ కాదు. కొన్ని పాత టామ్‌ అండ్‌ జెర్రీల్లో నల్లజాతీయుల్ని చిత్రించిన తీరు అవమానకరం. ఇప్పుడవి హెచ్చరికతో వస్తున్నాయి. ఇష్టపడుతూనే తప్పును తప్పనడం కూడా మంచి ప్రేక్షకుడి పనే.

ఏడు నిమిషాలకు అయిపోతుంది

రీల్స్‌ చూడటమూ ఆనందమే కదా అంటారా? నాకు తెలిసిన తేడా ఒక్కటే. కార్టూన్‌ ఏడు నిమిషాలకు అయిపోతుంది. తెర మీద 'సమాప్తం' పడుతుంది, మీరు లేచి వెళ్లొచ్చు. రీల్స్‌కి ముగింపు ఉండదు. అయిపోయేది ఏదైనా ఫర్వాలేదు. మా గదిలో నెల్లూరు కుర్రాడొకడు ఆదివారం అబిడ్స్‌ ఫుట్‌పాత్‌ మీద పాత చందమామలు వెతికేవాడు. వారమంతా ఒక్క సంచిక, వడ్డాది పాపయ్య ముఖచిత్రంతో సహా. నాకు కార్టూన్, సందు చివర ఇరానీ చాయ్‌.

ఇలా చేసి చూడండి

• ముగింపు ఉన్నదాన్నే ఎంచుకోండి: ఒక కార్టూన్, ఒక కథ, ఒక పాట, ఒక టీ.

• రోజులో దానికో వేళ పెట్టండి. ఆ రోజు పని అయ్యాకైతే గిల్ట్‌ ఉండదు.

• చూస్తున్నంతసేపూ పోర్టళ్లు, మెయిల్‌ తెరవొద్దు.

• రెజ్యుమెలో నిజమైన హాబీనే రాయండి. 'ఎందుకు?' అని రెండుసార్లు అడిగినా జవాబు ఉండాలి.

• ఇష్టమైనవి కూడా రెండు వారాలుగా రుచించకపోతే దాన్ని బద్ధకం అనుకోవద్దు. ఇంట్లో చెప్పండి, డాక్టర్‌ను కలవండి. టెలి మానస్‌ ఉచిత నంబర్‌ 14416కు ఎప్పుడైనా ఫోన్‌ చేయొచ్చు.

మరి నాన్న సంగతా? ఓ రాత్రి వీడియో ఆపడం మర్చిపోయి ఫోన్‌ ఎత్తా. "ఏంట్రా ఆ చప్పుడు?" అన్నారు. "టామ్‌ అండ్‌ జెర్రీ నాన్నా" అన్నా, తిట్లకు సిద్ధపడి. రెండు క్షణాలు అటు నుంచి మాట లేదు. తర్వాత అన్నారు: "ఆ ఎలుక ఇంకా దొరకలేదా దానికి?"

చాన్నాళ్లకు ఇద్దరం ఫోన్లో నవ్వుకున్నాం. ఆ రోజు ఆయన ఉద్యోగం సంగతి అడగలేదు.