చూసేది ఆదివారం, ఉండేది సోమవారం నుంచి

శివార్లలో ఇల్లు కొనేవారిని తప్పుదోవ పట్టించే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

హైదరాబాద్ శివార్లలో ఇల్లు చూడటానికి మనలో ఎక్కువమంది ఆదివారం పొద్దున బయలుదేరతాం. రోడ్లు ఖాళీగా ఉంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి దిగేసరికి అరగంట కూడా పట్టదు. మోడల్ ఫ్లాటులో ఏసీ చల్లగా ఉంటుంది, పిల్లలు స్విమ్మింగ్ పూల్ చూసి గంతులేస్తారు, సాయంత్రానికల్లా టోకెన్ అడ్వాన్స్ చేతులు మారుతుంది. గృహప్రవేశం అయ్యాక మొదటి సోమవారం వస్తుంది. ఎనిమిదిన్నరకు గేటు దాటిన కారుకు మెయిన్ రోడ్డెక్కడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. అసలు జీవితం అక్కడ మొదలవుతుంది.

ఇంటిని చూడటం మనకు బాగా తెలుసు. ఏ ముఖం, గదుల కొలతలెంత, పూజగది ఎటువైపు, అన్నీ అడుగుతాం. ఇల్లున్న చోటు మన రోజువారీ బతుకుకు సరిపోతుందా అని మాత్రం అంత పట్టుదలగా అడగం. వంటగది నచ్చకపోతే పడగొట్టి కట్టుకోవచ్చు. కాలనీని అలా మార్చుకోలేం. ఇరవై ఏళ్ల ఈఎంఐతో మనం కొంటున్నది ఆ నాలుగు గోడలతో పాటు ఆ దారిని, ఆ నీటిని, ఆ ఇరుగుపొరుగును కూడా. అందుకే చుట్టూ వినిపించే కొన్ని మాటలను ఒకసారి పరీక్షించుకోవాలి.

అపోహ 1: ఆఫీసుకు ఎన్ని కిలోమీటర్లో చూసుకుంటే చాలు.

వాస్తవం: ఆఫీసుకెళ్లే పూట లెక్కకొచ్చేవి నిమిషాలు. నాగోల్‌నే తీసుకోండి. పడమరనున్న హైటెక్ సిటీకి అది నగరం తూర్పు చివర. మ్యాపులో చూస్తే రోజూ అంత దూరం ఎవరు తిరుగుతారనిపిస్తుంది. కానీ నాగోల్ నుంచి హైటెక్ సిటీ మీదుగా రాయదుర్గం దాకా ఎక్కడా మారే పని లేకుండా ఒకే మెట్రో లైను ఉంది. వాన పడ్డా, రోడ్డు మీద ఊరేగింపున్నా దాదాపు గంటలో దింపుతుంది. కొల్లూరు, బాచుపల్లి మ్యాపులో ఇంకా దగ్గర. మెట్రో లేదు కాబట్టి అక్కడివాళ్ల దూరం రోజుకో రకంగా సాగుతుంది. పొద్దున ఏడుకు ఉన్న దారి తొమ్మిదికి ఉండదు.

తూర్పు మంచిది, పడమర చెడ్డది అని దీని అర్థం కాదు. మధ్యాహ్నం షిఫ్టు ఉన్నవారికి కొల్లూరు హాయిగా కుదరొచ్చు. నాగోల్‌లోనే స్టేషనుకు మూడు కిలోమీటర్ల లోపలికి కొంటే, మెట్రో ఉండి కూడా సగం లాభమే మిగులుతుంది. భర్త ఉద్యోగం ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, భార్య పాఠాలు చెప్పే కాలేజీ దిల్‌సుఖ్‌నగర్‌లో అయితే, ఇద్దరిలో ఎవరి సమయం ఎంత పోతుందో కూర్చుని మాట్లాడుకోవాలి.

ఒక లెక్క వేసి చూడండి. ఇప్పటికంటే ఒక్కో వైపు 40 నిమిషాలు అదనంగా పడితే రోజుకు 80 నిమిషాలు. ఏడాదికి 240 పనిదినాలనుకుంటే 320 గంటలు. ఎనిమిది గంటల పనిదినాలుగా చూస్తే అవి నలభై రోజులు. ఆ నలభై రోజులూ పిల్లల దగ్గర్నుంచో, నిద్రలోంచో, ఒంట్లో ఓపికలోంచో పోవలసిందే.

అపోహ 2: ఇప్పుడు లేకపోయినా రేపో మాపో అక్కడికి మెట్రో వస్తుంది, రోడ్డు వస్తుంది.

వాస్తవం: కొన్ని వస్తాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చి శివార్ల రూపమే మార్చేసింది. కానీ అది దశలవారీగా తెరుచుకోవడానికే ఏళ్లు పట్టింది. రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రోకు 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ మార్గాన్ని పక్కనపెట్టి నాగోల్, ఎల్బీనగర్ మీదుగా వేరే ప్రతిపాదన తెచ్చారు. మొదటి మార్గాన్ని నమ్ముకుని కొన్నవారి ప్లాట్లు ఉన్నచోటే ఉన్నాయి, రైలు మాత్రం దారి మార్చుకుంది. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాయి. అనుకున్న గడువు దాటి ఏళ్లు గడిచినా అవి పూర్తికాక, బోడుప్పల్, పీర్జాదిగూడ వాసులు గుంతల రోడ్డు మీద దుమ్ము తింటూ తిరిగారు.

అందుకే, వస్తుందన్న సౌకర్యాన్ని లెక్కలోంచి పూర్తిగా తీసేసి ఆలోచించండి. అది లేకుండా కూడా ఆ చోట బతకగలమనిపిస్తే కొనండి. తర్వాత వస్తే సంతోషం. పిల్లవాడు ఇప్పుడు నాలుగో తరగతిలో ఉంటే, పదేళ్లకు వచ్చే మెట్రో వాడి బడి రోజులకు అందదు.

అపోహ 3: దూరం పోయేకొద్దీ ఖర్చు తగ్గుతుంది.

వాస్తవం: ఇంటి ధర తగ్గుతుంది. నెల ఖర్చు తగ్గాలని లేదు. ఆఫీసు 8 కిలోమీటర్ల నుంచి 25 కిలోమీటర్లకు మారితే రానూపోనూ రోజుకు 34 కిలోమీటర్లు పెరుగుతుంది. 240 రోజులకు 8,160 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారుకు 544 లీటర్ల పెట్రోలు. లీటరు 107 రూపాయలనుకుంటే ఏడాదికి 58 వేల పైమాటే. ఇంట్లో రెండో బండి తప్పనిసరైతే దాని వాయిదా వేరు, స్కూలు బస్సు ఫీజు వేరు. మెయింటెనెన్స్ చదరపు అడుగుకు 3 రూపాయలైనా 1,500 అడుగుల ఫ్లాటుకు నెలకు 4,500.

నీటి సంగతి విడిగా అడగాలి. మన నగరం కింద ఉన్నది గ్రానైటు రాయి. బోరులో నీళ్లు పడటం రాతిలోని పగుళ్ల మీద ఆధారపడుతుంది. పక్కింటి బోరు పోస్తున్నా మన బోరు ఎండొచ్చు. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు చాలినంత అందని కాలనీల్లో వేసవి వస్తే ట్యాంకరే దిక్కు. ‘నల్లా కనెక్షన్ ఉందా’ అని అడిగి ఊరుకోకండి. ఎన్ని రోజులకోసారి వస్తాయి, ఎంతసేపు వస్తాయి, పోయిన ఏప్రిల్‌లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు అని అడగండి. సేల్స్ వాళ్ల కంటే వాచ్‌మన్ దగ్గర సరైన జవాబు దొరుకుతుంది.

అపోహ 4: చెరువు పక్కన ఇల్లంటే అదృష్టం. ఎండాకాలంలో చూశాం, చుక్క నీరు లేదు, భయం లేదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. మన పెద్దలు చెరువులను గొలుసుకట్టుగా తవ్వారు. పైచెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కాలువ గుండా కిందిచెరువుకు చేరుతుంది. చెరువు పూడ్చి, కాలువ మీద కాలనీ వేసినా నీటికి ఆ దారి గుర్తే. 2020 అక్టోబరు 13న కురిసిన వానకు ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు పైగా వర్షపాతం నమోదైంది. నాగోల్ అయ్యప్ప కాలనీ నీట మునిగింది. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి జాతీయ రహదారి మీది వాహనాలను ఈడ్చుకుపోయింది. జల్‌పల్లి పక్కన ఉస్మాన్‌నగర్‌లో ఇళ్ల మధ్య నీరు నెలల తరబడి నిలిచిపోయింది. ఆ ఇళ్లలో ఉన్నవారంతా ఏదో ఒక పొడి రోజున వెళ్లి చూసి కొన్నవారే.

చూడాల్సిన మాటలు రెండు: ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో ఆ గీత ఎఫ్‌టీఎల్. దాని అంచు నుంచి, పది హెక్టార్లు అంతకు మించిన చెరువైతే 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు కట్టడాలు ఉండకూడని బఫర్. చెరువుల మ్యాపులను హెచ్‌ఎండీఏ జనానికి అందుబాటులో ఉంచింది. మీరు కొనబోయే సర్వే నంబరును వాటితో పోల్చి చూసుకోండి. తర్వాత ఆ ఊళ్లో పుట్టి పెరిగిన పెద్దాయన ఎవరైనా కనిపిస్తే, ‘అయ్యా, చిన్నప్పుడు ఇక్కడ ఏముండేది?’ అని అడగండి. వరి మడి అన్నారా, వాగు అన్నారా, గుట్ట అన్నారా అన్నదాన్ని బట్టి మీకు సగం సంగతి తెలిసిపోతుంది.

అపోహ 5: శివారు అంటే మంచి గాలి, ప్రశాంతత.

వాస్తవం: నగరం తనకు అక్కర్లేనివాటిని కూడా శివార్లకే పంపుతుంది. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన గాలివాటును బట్టి దమ్మాయిగూడ, నాగారం ఇళ్లలోకి వస్తుంది. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, చర్లపల్లి పారిశ్రామికవాడల చుట్టుపక్కల రాత్రిపూట ఘాటు వాసనలపై జనం ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. దుండిగల్, హకీంపేటల చుట్టూ వైమానిక దళ శిక్షణ విమానాల చప్పుడుంటుంది. ఇవేవీ ఆదివారం పదకొండు గంటలకు తెలియవు. రాత్రి పదిన్నరకు ఆ వీధిలో అరగంట నిలబడితే తెలుస్తాయి. ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లలో, పెద్దవాళ్లో ఉంటే ఆ అరగంటను అసలు వదలకండి.

అపోహ 6: గేటెడ్ కమ్యూనిటీ అయితే అన్నీ లోపలే, బయట ఎలా ఉన్నా పర్వాలేదు.

వాస్తవం: జిమ్, క్లబ్‌హౌస్, పార్కు లోపల ఉంటాయి. ఆస్పత్రి, బడి, రైతుబజారు, గుడి, బస్‌స్టాప్ చాలాచోట్ల బయటే. ఇంట్లో కారు నడిపేవాళ్లు ఆఫీసుకు వెళ్లిపోయాక ఆ పది గంటలూ ఇంట్లో ఉండేది ఎవరో ఆలోచించండి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు, పొద్దున్నే నడిచి వెళ్లి కూరలు తెచ్చుకోవడం, దారిలో నలుగురిని పలకరించడం రోజులో పెద్ద భాగం. సరూర్‌నగర్, వనస్థలిపురం లాంటి పాత శివార్లలో ఈ నడక బతికే ఉంది. పదిహేనో అంతస్తు ఇంట్లో వారికి దృశ్యం ఉంటుంది, మనుషులు ఉండకపోవచ్చు. అయితే, చిన్నపిల్లలు స్వేచ్ఛగా ఆడుకోవాలనీ, తాము ఊళ్లో లేనప్పుడు భద్రత ఉండాలనీ కోరుకునే కుటుంబానికి గేటెడ్ కమ్యూనిటీయే మేలు. ఎవరికేది ముఖ్యమో ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాలి. అమ్మను కూడా అడగండి. ఆ ఇంట్లో ఎక్కువసేపు ఉండేది ఆవిడే.

అపోహ 7: పర్మిషన్ ఉంది, బ్యాంకు లోన్ ఇస్తోంది, ఇంకేం చూడాలి?

వాస్తవం: బ్యాంకు పరిశీలించేది ముందుగా తన అప్పు భద్రత కోసం. 2024లో ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి చెరువుల ఆక్రమణలు కూల్చినప్పుడు, లోన్ వచ్చింది కాబట్టే నమ్మామని కన్నీళ్లు పెట్టుకున్న కుటుంబాలను చూశాం. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో 8 ఫ్లాట్లకు మించి కట్టే ప్రాజెక్టుకు స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా ప్రీలాంచ్ పేరుతో డబ్బు అడిగితే ఇవ్వకండి. ధరను కార్పెట్ ఏరియాతో భాగించి చూసుకోండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, నిషేధిత భూముల జాబితా మన సొంత లాయరు చూడాలి, అమ్మేవారి లాయరు చూడటం చాలదు. పక్కనున్న ఖాళీ స్థలం మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో కూడా అడగండి. ఇవాళ కిటికీలోంచి కనిపించే పచ్చిక రేపు గోదాము కావచ్చు.

అపోహ 8: ధరలు పరిగెత్తే చోటే మంచి చోటు.

వాస్తవం: 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ వార్త చదివి చుట్టుపక్కల చిన్న ఫ్లాటుకు శక్తికి మించి అప్పు చేసినవారు ఎందరో. అమ్మడానికి కొనే స్థలానికి ఒక లెక్క, ఉండటానికి కొనే ఇంటికి ఇంకో లెక్క. ఉండే ఇంటి ధర రెట్టింపైనా, దాన్ని అమ్మి మళ్లీ అక్కడే కొనాలంటే ఆ పెరిగిన ధరే పెట్టాలి. పెరిగిన విలువ కాగితం మీద ఉంటుంది, ఈఎంఐ మాత్రం ప్రతి నెలా అయిదో తేదీన ఖాతాలోంచి పోతుంది.

అడ్వాన్స్ ఇచ్చేముందు

నచ్చిన కాలనీకి నాలుగుసార్లు వెళ్లండి. పనిరోజు పొద్దున ఎనిమిదిన్నరకు అక్కడి నుంచి మీ ఆఫీసుకు, సాయంత్రం ఆరున్నరకు ఆఫీసు నుంచి అక్కడికి ప్రయాణం చేసి చూడండి. రాత్రి పదిన్నరకు ఒకసారి. జోరువాన వెలిసిన గంటకు ఒకసారి, నీరు ఎటు పారుతోందో చూడటానికి. వీలైతే ఆ చుట్టుపక్కలే ఆరు నెలలు అద్దెకుండండి. అద్దె దండగనిపిస్తుంది గానీ, తప్పుచోట కొని అమ్ముకునేవారు పోగొట్టుకునేది అంతకంటే చాలా ఎక్కువ. ఒక్క రిజిస్ట్రేషన్ ఖర్చే తెలంగాణలో ఏడున్నర శాతం.

చివరగా ఒక్క పరీక్ష. మీ ఇంట్లో బండి నడపలేనివారు ఇద్దరున్నారనుకోండి: ఎనిమిదేళ్ల పాప, డెబ్బై ఏళ్ల నాన్న. మంగళవారం సాయంత్రం అయిదింటికి వాళ్లిద్దరినీ ఆ గేటు దగ్గర నిలబెట్టి ఊహించుకోండి. మిమ్మల్ని అడగకుండా, క్యాబ్ బుక్ చేయకుండా, భయపడకుండా కాళ్ల మీద నడిచి వాళ్లెక్కడికి వెళ్లగలరు? ఒక కిరాణా కొట్టో, పార్కులో ఒక బెంచీయో, ఆడుకోవడానికి ఒక స్నేహితురాలి ఇల్లో మీకు తడితే, ధర కుదుర్చుకోవడానికి వెళ్లండి. ఏమీ తట్టకపోతే, ఇంకో ఆదివారం ఇంకో కాలనీ చూడండి.