గుంట నేలలో జీవశాస్త్రం: బీఎస్సీ ఫీల్డ్‌వర్క్ లెక్కలు

ఇంటర్ బైపీసీ అయ్యాక జీవశాస్త్రం చదవాలంటే సిద్దిపేట జిల్లాలోనే రెండు దారులున్నాయి. మొదటిది సిద్దిపేట ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో మూడేళ్ల బీఎస్సీ. ఇంటర్ మార్కుల మీద ‘దోస్త్’ ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా సీటు ఇస్తారు. రెండోది ములుగు అటవీ కళాశాలలో నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీ. దానికి ఈఏపీసెట్ ర్యాంకు కావాలి. ఈ ములుగు మేడారం జాతర జరిగే జిల్లా కాదు, మన జిల్లాలోని మండలమే.

బయట తిరిగేది ఎంత? సబ్జెక్టుకు వారానికి 3 గంటల ప్రాక్టికల్ అనుకుందాం. 15 వారాల సెమిస్టరులో అది 45 గంటలు. బోటనీ, జువాలజీ కలిపితే 90. రోజుకు 6 గంటల చొప్పున 15 రోజుల పని. మైక్రోస్కోపు, స్లయిడ్లు, రికార్డు అందులోంచే పోవాలి. అందుకే బయట దొరికే ప్రతి గంటా విలువైనదే.

అక్కడ చేసే ముఖ్యమైన పని క్వాడ్రాట్, అంటే కొలిచి గీసుకున్న చదరంలో మొక్కలను లెక్కపెట్టడం. వయ్యారిభామ లాంటి చిన్న మొక్కలకు 1 మీటరు చదరం చాలు. చెట్లకు 10 మీటర్ల చదరం తీసుకుంటారు. అది 100 చదరపు మీటర్లు, మన లెక్కలో ఇంచుమించు ఒక గుంట.

గుంట చూసి అడవినంతా ఎలా చెబుతారు? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుంది కానీ, అడవి అంతటా ఒకేలా ఉండదు. అందుకే పలుచోట్ల గుంటలు ఎంచుకోవాలి, అదీ చీటీలు తీసి. నచ్చినచోట గీస్తే పచ్చగా ఉన్న చోటే లెక్కలోకి వస్తుంది. ఉదాహరణకు 40 ఎకరాల అడవిలో 1,600 గుంటలుంటాయి. 16 గుంటల్లో 24 మోదుగ చెట్లు కనిపిస్తే సగటు గుంటకు ఒకటిన్నర. మొత్తం సుమారు 2,400.

ఖరీదైన పరికరాలు కావాలా? అక్కర్లేదు. చెట్టు లావు తెలియడానికి దర్జీ టేపు సరిపోతుంది. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర, చుట్టుకొలత తీసి 3.14తో భాగించాలి. చుట్టుకొలత 94 సెంటీమీటర్లయితే మాను అడ్డకొలత దాదాపు 30.

కప్పల్ని కోయాలా అన్న భయం అక్కర్లేదు. డిగ్రీ, పీజీ జువాలజీలో జంతువులను కోయడాన్ని యూజీసీ 2014లో నిషేధించింది. అలాగని బయట కనిపించిన ప్రాణినల్లా పట్టి తేకూడదు. రక్షిత జాబితాలో ఉన్నవాటిని అనుమతి లేకుండా పట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. సిద్దిపేట కోమటిచెరువు దగ్గరి పక్షులను చూసి రాసుకుంటే చాలు.

చేరేముందు ఒక పని చేయండి. సీనియర్ల రికార్డు పుస్తకం అడిగి చూడండి. వెళ్లిన తేదీ, చోటు, సొంతంగా లెక్కపెట్టిన అంకెలు అందులో ఉంటే అక్కడ ఫీల్డ్‌వర్క్ నిజంగా జరుగుతున్నట్టే. అందరి పుస్తకాల్లోనూ ఒకే అంకెలుంటే మాత్రం ఆ కాలేజీ గురించి మరోసారి ఆలోచించండి.