అయ్యగారు వచ్చేవరకు ఆగవలెనా?

కొన్ని సంవత్సరముల క్రితము నా పాస్టరేటులోని ఒక గ్రామములో తెల్లవారుజామున ఒక వృద్ధ విశ్వాసి ప్రభువునందు నిద్రించారు. ఆ రోజు నేను వేరొక గ్రామములో ఉన్నాను. కబురు అంది, బస్సు పట్టుకొని చేరేసరికి మధ్యాహ్నము మూడు దాటింది. సంఘస్థులందరూ పందిరి క్రింద మౌనముగా కూర్చొని ఉన్నారు. ఉదయమునుండి ఒక్క ప్రార్థన లేదు, ఒక్క కీర్తన లేదు.

"మీరు లేకుండా మేమేమి చేస్తామండీ అయ్యగారూ! తప్పు మాట్లాడతామేమోనని భయం" అన్నాడు సంఘపెద్ద. ఆయన ముప్పది సంవత్సరములుగా ఆలయమునకు వస్తున్నవాడు. ఆ వృద్ధుని భార్య మాత్రము, "పొద్దుటినుంచి ఒక్క పాటైనా వినబడలేదయ్యా" అని కన్నీరు పెట్టుకొన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు వారిది కాదు, నాది. ప్రసంగము నేనే, ప్రార్థన నేనే, రోగుల దర్శనము నేనే. నా మంద నాకోసము ఎదురు చూచుటే నేర్చుకొన్నది.

చెదరినవారే చెప్పారు

ప్రియ చదువరీ, అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయము తెరచి చూడండి. యెరూషలేములో హింస కలిగినప్పుడు అపొస్తలులు అక్కడే ఉండిపోయారు. చెదరిపోయినవారు సామాన్య విశ్వాసులు. వెళ్లినచోటనెల్ల సువార్త చెప్పినది వారే. 18వ అధ్యాయములో, వాక్యమందు ప్రవీణుడైన అపొల్లోకు ఇంకా స్పష్టముగా బోధించినది ఎవరు? డేరాలు కుట్టుకొనే అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు.

మన తెలుగు సంఘ చరిత్రయు అట్టిదే. మాదిగ కులములో పుట్టి తోళ్ల వ్యాపారము చేసుకొనే యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మము పొందారు. తన ఊరికి మరలి వెళ్లి పేరయ్య ఊరకుండలేదు. 1867 జనవరిలో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు అక్కడికి వెళ్లేసరికి, ఆయన సాక్ష్యము విన్నవారిలో 28 మంది బాప్తిస్మమునకు సిద్ధముగా ఉన్నారు. తరువాత 1876–78 కరవులో దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని, తన బోధకులను పనిపై మేస్త్రీలుగా పెట్టారు. కూలివారు సేదతీరే వేళ వారు క్రీస్తును గూర్చి చెప్పేవారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. నీటిలో నిలిచి ఆ బాప్తిస్మములిచ్చినది దొరగారు కాదు, అభిషేకము పొందిన ఆరుగురు తెలుగు బోధకులు.

దోర్నకల్ తొలి బిషప్పు అజరయ్యగారు బాప్తిస్మము పొందినవారిచేత తమ తలపై చేయి ఉంచుకొని, సువార్త చెప్పక మానలేనన్న పౌలు మాట (1 కొరింథీ 9:16) పలికించేవారు. గురువులచేత కాదు, కూలిపని చేసుకొనే కొత్త విశ్వాసులచేత!

ధైర్యము ఎట్లు వచ్చును?

"ధైర్యము తెచ్చుకొనుడి" అని ఎన్ని ప్రసంగములు చేసినా ధైర్యము రాదు. చిన్న పని అప్పగించి, ప్రక్కన ఒకరిని తోడిస్తే వస్తుంది. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపినది అందుకే కదా.

మా సంఘములలో మేము ఇట్లు మొదలుపెట్టాము. ప్రతి గృహ ప్రార్థన కూటములో ఒకరు కీర్తన చదవాలి. చదువు రానివారు ఒక వచనము కంఠస్థము చేసి చెప్పాలి. సాక్ష్యము మూడే మాటలలో ఉండాలి: నేను ఎట్లుండేవాడను, ప్రభువు ఏమి చేశాడు, ఇప్పుడెట్లున్నాను. రోగిని చూడ ఇద్దరు కలసి వెళ్లాలి. ఎవరైనా తప్పుగా పలికితే నలుగురిలో దిద్దకూడదు. ఇక నేను నేర్చుకొన్న కష్టమైన పాఠము ఒకటున్నది: వారు చేస్తుండగా నేను నోరు మూసుకొని కూర్చొనుట!

రెండేండ్లకు అదే గ్రామములో మరొక మరణము. ఈసారియు నేను ఆలస్యముగానే చేరాను. వీధి మొదటనే కీర్తన వినబడింది. ఆ సంఘపెద్దే 23వ కీర్తన చదువుచున్నాడు. చేతులు వణకుచున్నవి. ఒక మాట తప్పు చదివాడు, ఎవరును నవ్వలేదు. తరువాత ప్రార్థన చేసినది, ఆనాడు పాట వినబడలేదని ఏడ్చిన ఆ విధవరాలే.

సహోదరీ, సహోదరుడా, మీ వీధిలో జబ్బుపడినవారు ఉన్నారా? దుఃఖములో ఉన్న ఇల్లు ఉన్నదా? మీ అయ్యగారు వచ్చేవరకు ఆగకండి. ఒకరిని తోడు తీసుకొని ఈ వారమే వెళ్లండి. మాటలు తడబడినను ఫరవాలేదు. మిమ్మును పంపిన ప్రభువు మీకంటె ముందుగా ఆ గుమ్మములో ఉంటాడు. ఆమేన్.