రాత్రి పదింటికి ఒక హత్య!

ఇంగ్లీషు అనగానే మీకు ముందుగా ఏం గుర్తొస్తుంది? నాలా తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లయితే జవాబు నాకు తెలుసు. ఫిల్ ఇన్ ద బ్లాంక్స్, యాక్టివ్ వాయిస్, ప్యాసివ్ వాయిస్. తర్వాత ఇంటర్వ్యూలో 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్'. పోనీ పెళ్లయి పిల్లలు పుట్టాకైనా వదులుతుందా? స్కూల్ డైరీ, ఆఫీసు మెయిల్, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్... ఎక్కడ ఎదురైనా మనల్ని నిలబెట్టి ప్రశ్నలు అడిగే భాష అది.

అలాంటి ఇంగ్లీషులో మూడేళ్లుగా నేను హాయిగా చదువుకుంటున్నవి ఒకే రకం పుస్తకాలు. ఒక శవం, ఏడెనిమిది మంది అనుమానితులు, ఒక డిటెక్టివ్. అంతే! ఇవే ఎందుకు నచ్చాయా అని ఆలోచిస్తే నాకు తోచింది ఒకటే. ఇక్కడ పరీక్ష నాకు కాదు, అనుమానితులకి. చెమటలు పట్టేది వాళ్లకి. నేను కాలు మీద కాలేసుకుని 'ఊఁ, తర్వాత?' అని అడిగేదాన్ని.

మాది బాపట్ల వైపు. ఇప్పుడు హైదరాబాద్. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఇంట్లో మా ఆయన, ఏడో క్లాసు బాబు, రెండో క్లాసు పాప, మా అత్తయ్య. టైమ్ ఎంత దొరుకుతుందో మీరే ఊహించుకోవచ్చు. అయినా చదువుతున్నా. ఎలాగో చెప్తాను.

మిస్టరీయే ఎందుకు?

ఒకటి, ప్రశ్న. మొదట్లోనే ఎవరో ఒకరు పోతారు. 'ఎవరు చంపారు?' అన్నది తలలో దూరిందంటే ఇక వదలదు. పోపు వేస్తున్నా సరే, ఆ తలుపు గడియ ఎవరు తీశారబ్బా అన్న ఆలోచనే. అర్థం కాని వాక్యాలు నాలుగు అడ్డొచ్చినా ఆ ప్రశ్న మనల్ని ముందుకు లాక్కెళ్తుంది.

రెండు, మాటలు. కథలో చాలా భాగం ప్రశ్నలు, జవాబులే. రాత్రి తొమ్మిదిన్నరకి మీరెక్కడున్నారు, చప్పుడు ఎటునుంచి వచ్చింది, అప్పుడు మీతో ఎవరున్నారు... చిన్న చిన్న వాక్యాలు. వర్ణనలతో నిండిన పేజీ కంటే ఇలాంటి పేజీ మనలాంటివాళ్లకి చాలా తేలిక.

మూడోది నాకు భలే ఇష్టం. షెర్లాక్ హోమ్స్ పక్కన వాట్సన్ ఉంటాడు. హెర్క్యూల్ పొయిరో పక్కన కొన్ని కథల్లో హేస్టింగ్స్ ఉంటాడు. మనకొచ్చే డౌట్లన్నీ వాళ్లే అడిగేస్తుంటారు. డిటెక్టివ్ కాస్త విసుక్కుంటూనే మళ్లీ విడమర్చి చెప్తాడు. ఒక పేరా సరిగా అందకపోయినా కంగారు లేదు. కొన్ని పేజీల తర్వాత అదే సంగతి ఇంకో రకంగా వస్తుంది. క్లాసులో మన బదులు చెయ్యెత్తే ఫ్రెండ్ ఉంటే ఎంత బాగుంటుంది? అదన్నమాట.

నాలుగోది, మన నిదానం. క్లూని రచయిత ఎక్కడ దాస్తారో తెలుసా? టీ తాగుతున్న సీన్‌లో, వాతావరణం గురించిన కబుర్ల మధ్య, ఓ మామూలు వాక్యంలో. గబగబా చదివేవాళ్ల కళ్లు దాన్ని దాటి వెళ్లిపోతాయి. మనం ప్రతి వాక్యం దగ్గరా ఆగి, కూడబలుక్కుని కదులుతాం కదా... ఆ క్లూ మన చేతికి చిక్కే ఛాన్స్ ఎక్కువ!

పొయిరో కూడా మనవాడే

అగాథా క్రిస్టీ (1890-1976) 66 డిటెక్టివ్ నవలలు రాశారు. 1920లో వచ్చిన మొదటి నవల 'ద మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్'తోనే పొయిరో పుట్టాడు. ఈయన ఇంగ్లీషువాడు కాదు. బెల్జియం పోలీసు శాఖలో పనిచేసి, మొదటి ప్రపంచ యుద్ధంలో శరణార్థిగా ఇంగ్లండ్ చేరినవాడు. ఇంగ్లీషు ఆయనకి పరాయి భాషే. మాట్లాడుతుంటే మధ్యలో ఫ్రెంచి ముక్కలు దొర్లుతుంటాయి. ఆ యాస చూసి అక్కడి దొరలు లోలోపల నవ్వుకుంటారు.

'త్రీ యాక్ట్ ట్రాజెడీ' అనే నవలలో ఆయనే దీని గుట్టు విప్పుతాడు. తనకి మంచి ఇంగ్లీషు వచ్చుననీ, కావాలనే తడబడుతూ మాట్లాడతాననీ అంటాడు. అలా మాట్లాడేవాణ్ని చూస్తే జనం 'పాపం, పరాయి దేశస్థుడు' అని చులకనగా చూస్తారు. జాగ్రత్తగా ఉండరు. అప్పుడు నిజాలు వాటంతటవే బయటికొస్తాయి!

ఆ పేజీ నేను రెండుసార్లు చదువుకున్నా. ఆఫీసు కాల్‌లో ఇంగ్లీషు మాట కోసం వెతుక్కునేటప్పుడు అవతలివాళ్ల గొంతులో వినిపించే ఆ చిన్న విసుగు మీలో చాలామందికి తెలుసు. తడబాటు వేరు, తెలివి వేరు. ఈ సంగతి నాకు ఏ టీచరూ చెప్పలేదు. మీసాలకి మెరుగులు దిద్దుకునే ఈ పెద్దమనిషి చెప్పాడు.

డిక్షనరీ ఎంతవరకు?

ఇబ్బంది లేకుండా చదువుకోవాలంటే నూటికి 98 మాటలు తెలిసుండాలని పాల్ నేషన్ లాంటి భాషా పరిశోధకులు చెప్తారు. అంటే 300 మాటలున్న పేజీలో తెలియనివి ఆరు వరకు ఉండొచ్చు. ఇంతకంటే బాగా ఎక్కువైతే ఆ పుస్తకం పక్కన పెట్టేసి ఇంకోటి తీసుకోండి. మునిగిపోయేదేం లేదు.

నేను పెట్టుకున్న రూల్ ఒకటే. ఒక మాట మూడోసారి ఎదురైతేనే దాని సంగతి చూస్తా. ఉదాహరణకి 'మ్యాంటెల్‌పీస్'. మన ఇళ్లలో చలిమంట గూడు ఉండదు కాబట్టి మనకి ఆ మాటతో పనిలేదు. పాత ఇంగ్లీషు కథల్లో మాత్రం గడియారం దాని మీదే, ఉత్తరాలు దాని మీదే, ఆనుకుని నిలబడేదీ దానికే. మూడోసారికి బొమ్మ కళ్లముందుకొచ్చేసింది. చలిమంట గూడు పైన ఉండే అరుగులాంటి చెక్క లేదా రాతి పలక. డిక్షనరీ తెరవకుండానే దొరికిపోయింది. చూశారా, మనమూ డిటెక్టివ్ పనే చేస్తున్నాం!

ఇంకో మాట 'ఇంక్వెస్ట్'. మన పేపర్ల క్రైమ్ వార్తల్లో 'శవ పంచనామా' అని చదువుతాం కదా, దాని చుట్టమే. కాకపోతే క్రిస్టీ కథల్లో అది కరోనర్ అనే అధికారి ముందు జరిగే బహిరంగ విచారణ. సాక్షులొస్తారు, చాలాసార్లు జ్యూరీ కూడా ఉంటుంది. 'అలిబై' అంటే నేరం జరిగిన టైమ్‌లో నేను ఇంకెక్కడో ఉన్నానని చూపించే రుజువు. 'రెడ్ హెర్రింగ్' అని కనిపిస్తే చేపల పులుసు గుర్తు తెచ్చుకోకండి. మనల్ని పక్కదారి పట్టించడానికి వేసే ఉత్తుత్తి క్లూ అది.

ఒకే రచయితవి వరసగా చదివితే ఈ మాటలే మళ్లీ మళ్లీ వస్తాయి. స్టీఫెన్ క్రాషెన్ అనే భాషావేత్త దీన్నే 'న్యారో రీడింగ్' అంటారు. పదిమంది రచయితల పది పుస్తకాల కంటే, మొదట్లో ఒకే రచయితవి పది మేలు.

టైమ్ ఎక్కడిది తల్లీ?

టైమ్ దొరకదు. ముక్కలు దొరుకుతాయి. కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేలోపు కొన్ని పేజీలు. పాప డ్యాన్స్ క్లాసు బయట కూర్చున్నప్పుడు ఒక చాప్టర్. కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు రెండు పేజీలు. రాత్రి పదింటికి అందరూ పడుకున్నాక, ఫోన్ స్క్రీన్ నల్లగా పెట్టుకుని, అసలు హత్య! 'అమ్మా, మళ్లీ మర్డరా?' అని మా బాబు దుప్పట్లోంచి అడుగుతుంటాడు.

ఇలా ముక్కలుగా చదివితే పేర్లు మర్చిపోతాం. అందుకే ఫోన్ నోట్స్‌లో అనుమానితుల లిస్టు రాసుకుంటా. పేరు, ఎవరికి ఏమవుతారు, ఎక్కడున్నామన్నారు, డబ్బు ఎవరికి అవసరం. అన్నీ తెలుగులోనే. రెండు రోజులు గ్యాపొచ్చినా ఒక్క నిమిషంలో మళ్లీ కథలోకి వెళ్లిపోవచ్చు.

ఇంత రాసిన క్రిస్టీకి కూడా మొదట్లో రాసుకోవడానికి సొంత గది లేదు. భోజనానికీ భోజనానికీ మధ్య ఖాళీగా ఉండే డైనింగ్ టేబుల్ కూడా సరిపోయేదని 1977లో వచ్చిన ఆత్మకథలో చెప్పుకున్నారు. ఫారాల్లో వృత్తి అన్నచోట 'వివాహిత' అని తప్ప ఇంకోటి రాయాలని తోచేదే కాదట! డైనింగ్ టేబుల్ మీద రాసిన పుస్తకాన్ని మనం స్టవ్ పక్కన చదవడంలో తప్పేముంది?

అత్తయ్య అడిగే ప్రశ్నలు

మా అత్తయ్య ఒకప్పుడు పుస్తకాల పురుగు. అద్దె లైబ్రరీ నుంచి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు తెప్పించుకుని, బియ్యం డబ్బా వెనక దాచుకుని చదివేవారట. షుగర్ వల్ల చూపు మందగించాక చదవడం మానేశారు. ఏళ్ల తరబడి మా ఇద్దరి మధ్య మాటలంటే పాలు, గ్యాసు, బీపీ మాత్రలు... అంతే.

ఒకరోజు చిక్కుడుకాయలు ఒలుస్తూ, 'రాత్రిళ్లు ఏం చదువుతున్నావమ్మాయ్?' అన్నారు. కథ చెప్పా. మర్నాడు మిగతాది అడిగారు. అప్పట్నుంచి అది మా ఇంట్లో డైలీ సీరియల్. నేను రాత్రి ఇంగ్లీషులో చదువుతా, పొద్దున తెలుగులో చెప్తా.

ఇంకొకరికి చెప్పాలంటే అర్థం కాని వాక్యాన్ని దాటేసి వెళ్లడం కుదరదు. ఆవిడ వదలరు. 'ఆ కిటికీ లోపల్నించి గడియ పెట్టుందా, బయట్నించా?' అంటారు. మళ్లీ ఆ పేజీకి వెళ్లాల్సిందే. నా ఇంగ్లీషుకి ఇంతకు మించిన ట్యూషన్ లేదు.

ఆవిడకి మిస్ మార్పుల్ అంటే ప్రాణం. సెయింట్ మేరీ మీడ్ అనే ఊళ్లో అల్లికలు అల్లుకుంటూ కూర్చునే ముసలావిడ. అనుమానితుల్ని చూసి 'వీడు మా ఊళ్లో ఫలానావాడిలా ఉన్నాడే' అని పోల్చుకుంటూ హంతకుణ్ని పట్టేస్తుంది. మా అత్తయ్యదీ అదే పద్ధతి. 'వీడు మా పెదనాన్నగారి అల్లుడి టైపు. ఆస్తి కోసం ఎంతకైనా తెగిస్తాడు' అంటారు. 1926 నాటి 'ద మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్‌రాయిడ్' చివరి చాప్టర్ చెప్పిన రోజు కాసేపు మాట్లాడలేదు. తర్వాత 'ఎంత పని చేసిందే ఈవిడ! మళ్లీ మొదట్నించి చెప్పు' అన్నారు. చెప్పాను. ఆ పూట కూర మాడింది. ఎవరూ ఏమీ అనలేదు.

దేంతో మొదలుపెట్టాలి?

షెర్లాక్ హోమ్స్ చిన్న కథలు: 1892 నాటి 'ద అడ్వెంచర్స్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్'లో 12 కథలున్నాయి. కాపీరైట్ తీరిపోయింది కాబట్టి ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. భాష కాస్త పాతది. ఒక్కో కథకి రెండు మూడు రాత్రులు చాలు.

మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ (1934): మంచులో ఆగిపోయిన రైలు, పెట్టెలో హత్య. మధ్య భాగంలో ఒక్కో ప్రయాణికుడి విచారణకి ఒక్కో చాప్టర్. ముక్కలుగా చదివేవాళ్లకి చక్కగా సరిపోతుంది.

ఫెలూదా కథలు: సత్యజిత్ రాయ్ 1965లో బెంగాలీలో మొదలుపెట్టారు. ఇంగ్లీషు అనువాదాలున్నాయి. మన రైళ్లు, మన ఊళ్లు. మ్యాంటెల్‌పీస్ బెడద తక్కువ.

ద నెంబర్ వన్ లేడీస్ డిటెక్టివ్ ఏజెన్సీ (1998): అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ రాసింది. బోట్స్‌వానాలో ఒక ఆడమనిషి తెరిచిన డిటెక్టివ్ ఆఫీసు. రక్తపాతం తక్కువ, భాష సరళం.

ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్: జపాన్ రచయిత కీగో హిగషినో 2005 నవల. హంతకులెవరో మొదట్లోనే తెలిసిపోతుంది. ఎలా దాచారన్నదే సస్పెన్స్. హిందీ సినిమా 'జానే జాన్' దీన్నుంచే వచ్చింది.

పాత పుస్తకాలు కావాలంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌లకి వెళ్లండి. బేరమాడితే క్రిస్టీ నవల ఒక బిర్యానీ కంటే చవగ్గా దొరుకుతుంది.

ఇవి చదివితే ఇంగ్లీషు గలగలా మాట్లాడేస్తామా? నేనైతే ఇప్పటికీ మాటలు వెతుక్కుంటూనే ఉన్నా. కాకపోతే ఇంగ్లీషు పేజీ చూస్తే గుండె దడ లేదు. ఉద్యోగం కోసమో, పిల్లల హోమ్‌వర్క్ కోసమో కాకుండా, ఉత్తినే, నా కోసం ఆ భాషలో రోజూ కాసేపు ఉండగలుగుతున్నా. ఈ వయసులో నాకది చాలు. మీ వయసులో మొదలుపెడితే ఇంకా బాగుంటుంది.

ఒక్క షరతు. చదివాక హంతకుడి పేరు మాత్రం ఎవరికీ చెప్పకండి. మా అత్తయ్యకైతే అసలే వద్దు!