న్యూనత మనసులో పుట్టిందా, ఊరు పెట్టిందా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో చాలాచోట్ల దళితవాడ ఇంకా ఊరికి అవతలే ఉంది. అక్కడినుంచి యూనివర్సిటీకి వచ్చిన విద్యార్థి కులం అడిగితే తడబడతాడు. ఆ జంకు ఎక్కడిది?

కర్మ సిద్ధాంతం ప్రకారం పుట్టుక పూర్వజన్మ ఫలం. అంటే అవమానానికి కారణం అవమానపడ్డవాడిలోనే ఉందన్నమాట. బైబిల్ మనిషిని దేవుని పోలికగా చూస్తుంది. ప్రతి బిడ్డా నిర్మల స్వభావంతో పుడుతుందని ఇస్లాం అంటుంది. అయినా ఆ మతాల్లోకీ కులం వెంటవచ్చింది. జనగామ జిల్లా పాలకుర్తితో ముడిపడిన పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో, మాదార చెన్నయ్య పెట్టిన అంబలిని శివుడు ఇష్టంగా ఆరగిస్తాడు.

బుద్ధుడు స్థిరమైన ఆత్మే లేదన్నాడు. మనసు కారణాలవల్ల తయారవుతుంది, సాధనతో మారుతుంది. కులం ఒక మానసిక స్థితి అని, దాన్ని నిలబెడుతున్నది శాస్త్రాల పవిత్రత అని అంబేడ్కర్ 1936లోనే విశ్లేషించారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారు.

కుంగిపోయిన విద్యార్థిని ‘నీలో లోపమేంటి?’ అని మాత్రమే అడిగే కౌన్సెలింగ్, కర్మ సిద్ధాంతాన్నే కొత్త భాషలో చెబుతుంది. ‘నీకేం జరిగింది? ఎవరు చేశారు?’ అని కూడా అడగాలి. న్యాయం అక్కడే మొదలవుతుంది.