వాన కబురు ఖర్చు ఎవరి ఖాతాలో?

ఫిల్మ్‌నగర్‌లో ఆరుబయట చిత్రీకరణకు తేదీలు చూసుకొనే సినిమా నిర్మాత, ఆ దగ్గరలోనే వెంగళరావు నగర్‌లో మిద్దెపై వడియాలు ఎండబెట్టే గృహిణి, జగిత్యాల జిల్లాలో వరికి యూరియా వేయదలచిన రైతు, ఈ ముగ్గురూ ఎదురుచూసేది ఒకే సంస్థ చెప్పే వాన కబురు కోసం. ఎవరూ విడిగా రుసుము చెల్లించరు. ఒకరు వాడుకున్నందువల్ల మరొకరికి తరగదు. అందుచేతనే 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ నేటికీ ప్రధానంగా ప్రభుత్వ ఖజానాపై ఆధారపడి నడుస్తున్నది.

ఆ ఖజానా నుండి యంత్రాలకు డబ్బు రావడం ఇప్పుడు అంత కష్టం కాదు. 2021–26 కాలానికి ‘పృథ్వి’ పథకం కింద రూ. 4,797 కోట్లకు 2024 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అదే ఏడాది సెప్టెంబరులో రాడార్లు, ఉపగ్రహ పరికరాలు, సూపర్ కంప్యూటర్ల కోసం ‘మిషన్ మౌసమ్’కు రెండేళ్లలో రూ. 2,000 కోట్లు కేటాయించారు. తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ నిర్వహణలో ఉన్నాయి.

తెగినది చివరి అంచె. గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద రాజేంద్రనగర్, జగిత్యాల, అనంతపురం వంటి చోట్ల, దేశమంతటా మొత్తం 130 క్షేత్ర విభాగాలు మంగళ, శుక్రవారాలలో సలహా పత్రాలు వెలువరిస్తాయి. ఒక్కొక్క విభాగం పరిధిలో పలు జిల్లాలు ఉంటాయి. ఆ భారం తగ్గించి సలహాను మండల స్థాయికి తీసుకుపోవడానికి 2018 నుండి కృషి విజ్ఞాన కేంద్రాలలో జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను నెలకొల్పారు. ఒక్కొక్క దానిలో ఒక విషయ నిపుణుడు, ఒక పరిశీలకుడు ఉండేవారు. వారివి శాశ్వత ఉద్యోగాలు కావు, పథకం నిధులతో నడిచినవి. దేశంలో 199 విభాగాలు ఏర్పడిన తరువాత 2024 మార్చితో వాటిని మూసివేశారు.

పరిశీలనలు స్వయంచాలితమైనందున సిబ్బంది అక్కరలేదన్నది అప్పుడు వినవచ్చిన వాదన. ఇది కొలతను సలహాగా పొరబడడమే. వర్షమాపకం 40 మిల్లీమీటర్లని చెప్పగలదు. కాని ఆ మండలంలోని వరి చిరుపొట్ట దశలో ఉన్నదనీ, నల్లరేగడిలో నీరు నిలుస్తుందనీ, యూరియా నాలుగు రోజులు ఆపాలనీ చెప్పలేదు. ఆ మాట చెప్పడానికి పొలం చూచిన మనిషి కావాలి.

జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధనా మండలి 2020 నివేదిక ప్రకారం, మాన్‌సూన్ మిషన్ పైనా ఉన్నత గణన సౌకర్యాలపైనా పెట్టిన ప్రతి రూపాయికి 50 రూపాయల ప్రయోజనం ఉన్నది. వ్యవసాయంలో ఆ ప్రయోజనం పొందాలంటే రైతు సలహా విని పద్ధతి మార్చుకోవాలి. వాడకుండా మిగిలిన యూరియా బస్తా రైతు ఇంట కనిపిస్తుంది. శాఖ జమాఖర్చులలో కనిపించదు. అందువల్లనే కోతకు మొదట దొరికేది ఈ అంచె.

వాడుకరుల నుండి రాబట్టే మార్గమూ లేకపోలేదు. బ్రిటన్ వాతావరణ సంస్థ 1996 నుండి ప్రభుత్వ యాజమాన్యంలోనే వ్యాపార నిధిగా నడిచింది. అయినా దాని ఆదాయంలో పెద్ద భాగం ప్రభుత్వ ఒప్పందాలదే. మన దగ్గర బీమా సంస్థలు, విద్యుత్ సంస్థలు చెల్లించవచ్చు. రెండెకరాల రైతును అడగడం మాత్రం తగదు.

విశ్వవిద్యాలయాల వైపు నుండి చేయగల పని ఒకటున్నది. ‘పృథ్వి’ గడువు తరువాతి ప్రతిపాదనలలో ఈ రెండేసి పోస్టులను కృషి విజ్ఞాన కేంద్రాల శాశ్వత సిబ్బంది పట్టికలో చేర్చమని కోరడం. జీతాల పద్దు కింద చూపితేనే అవి పథకంతోపాటు రద్దయ్యే అవకాశం తగ్గుతుంది. ఆ కోరికకు ఆధారంగా మూతపడిన ప్రతి విభాగం తన ఆరేళ్ల సలహా పత్రాలనూ, వాటిని పాటించిన రైతుల పెట్టుబడి వివరాలనూ ఇప్పుడే భద్రపరచవలసి ఉన్నది.