మెలట్టూరు చెప్పు పాఠము

"మనమున్నది తమిళదేశము గదా, పిల్లలకు తెలుగు చదువేల?" అని తల్లిదండ్రులు కొందఱు మమ్ము అడుగుచుందురు. అట్టివారికి మేము మెలట్టూరును చూపుదుము.

తంజావూరు జిల్లాలోని యీ గ్రామమున ఏటేట నృసింహ జయంతికి వరదరాజస్వామి యాలయము నెదుట భాగవతమేళ నాటకోత్సవము జరుగుచున్నది. చూడవచ్చువారిలో అధికులు తమిళులు. ఆడునవి మాత్రము తెలుగు నాటకములు!

1565లో విజయనగరము చెడిన పిమ్మట పండితులును కళావంతులును తంజావూరు నాయకుల యాశ్రయమునకు వచ్చిరి. అచ్యుతప్ప నాయకుడు ఐదువందల పది బ్రాహ్మణ కుటుంబముల కిచ్చట ఇండ్లును భూములును ఒసగెనని ప్రతీతి. తరువాత వచ్చిన మరాఠా ప్రభువులును తెలుగును ఆదరించిరి. షాహజీ మహారాజు స్వయముగా తెలుగున యక్షగానములు రచించెను. త్యాగరాజస్వామికి సమకాలికులైన మెలట్టూరు వేంకటరామశాస్త్రిగారు ప్రహ్లాద చరిత్రము, హరిశ్చంద్ర, ఉషాపరిణయము మున్నగు నాటకములు వ్రాసిరి. నేటికిని ఆడునవి అవియే.

ముందుగా కోణంగి వచ్చి సభను నవ్వించును. పిదప తోడయమంగళము పాడుదురు. ఏనుగు ముఖము ధరించిన బాలుడు గణపతియై ఆడును. ఒక్కొక్క పాత్ర తన ప్రవేశ దరువుతో తెరవెడలి వచ్చును. స్త్రీపాత్రలను పురుషులే ధరింతురు. నరసింహుని ముఖమును పూజలో నుంచుదురు. దానిని ధరించువాడు ఉపవాసముండును. ప్రహ్లాద చరిత్రము ముగియుసరికి తెల్లవాఱును.

వీరికి నటన జీవనోపాధి కాదు. ఉద్యోగములకై పట్టణములకు పోయినవారును ఉత్సవమునాటికి ఊరు చేరి, తండ్రులవద్ద నేర్చిన పాత్రలను ధరింతురు. ఊత్తుకాడు, నల్లూరు మొదలగు గ్రామములందును పూర్వమీ మేళములుండెను, అవి ఆగిపోయినవి. మెలట్టూరులోను ఒకప్పుడు క్షీణించినదానిని 1930 తరువాత ఊరివారును, మద్రాసు న్యాయవాది ఇ. కృష్ణయ్యరుగారును పూనుకొని నిలిపిరి.

రాజులిచ్చిన మాన్యముతో మొదలైనది, రాజులు పోయిన తరువాతను నిలిచినదేల? తండ్రి కొడుకునకు నేర్పుటచేతనే. నేర్పుట మానినచోట ఒక్క తరముతో పోయినది. పాఠశాల అక్షరములు నేర్పగలదు. ఇంట వినబడని భాషను మేమెంతకాలము నిలుపగలము? కావున తల్లిదండ్రులారా, ప్రతిదినము రాత్రి భోజనమైన పిదప పావుగంట మీ పిల్లలచే ఒక తెలుగు పద్యమో కథయో బిగ్గఱగా చదివించి వినుడు. అర్థమడుగుడు. మీకు తెలియనిచో వారివద్దనే నేర్చుకొనుడు. అందు చిన్నతనమేమియు లేదు.